ముప్ఫై రెండు కుక్కల చలికాలం

నన్ను పనిలోకి తీసుకునే ముందు లోయిస్ అడిగిన ప్రశ్న ఒక్కటే. "వాసన పడుతుందా?"

పడుతుందన్నాను. ఆవిడ నా చేతికి ఒక పొడుగు పార, ఒక బకెట్టు ఇచ్చింది.

"ముప్ఫై రెండు కుక్కలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెంట ఎత్తాలి. బాగా చేస్తే రేపు కూడా రా."

అది అక్టోబరు నెలాఖరు. మినసోటాలో మేముండే డులూత్ నుంచి ఉత్తరంగా నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే, పైన్ చెట్ల మధ్య ఉంటుంది లోయిస్ స్థలం. వరసగా చెక్క గూళ్ళు, గూటికో గొలుసు, గొలుసుకో కుక్క. మంచు మీద స్లెడ్ లాగి పందేలకి వెళ్ళే కుక్కలవి. బొమ్మల్లో కనిపించేటట్టు బొద్దుగా, బొచ్చుగా ఉంటాయనుకున్నాను. అవేమో సన్నగా, పొడుగు కాళ్ళతో, మా ఊరి వీధి కుక్కలకి అన్నదమ్ముల్లా ఉన్నాయి. అన్నీ గూళ్ళ కప్పులెక్కి నిలబడి నన్ను చూసి ఒకేసారి మొదలుపెట్టాయి. ఆ గోలలో లోయిస్ ఇంకో ప్రశ్న అడిగింది కానీ నాకు వినపడలేదు. రెండోసారి అరిచి అడిగింది.

"ఇంతకు ముందు ఏం చేసేదానివి?"

"ఇంట్లోనే ఉన్నాను," అన్నాను.

అది అబద్ధం కాదు. పదకొండేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను. అంతకు ముందు గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి, ఉయ్యూరు దగ్గర పశువుల ఆసుపత్రిలో రెండేళ్ళు డాక్టరుగా చేశాను. పెళ్ళయి ఇక్కడికొచ్చాక మళ్ళీ డాక్టర్ అనిపించుకోవాలంటే ఇక్కడి పరీక్షలు రాయాలి. మొదటిది రెండుసార్లు రాశాను. రెండుసార్లూ పోయింది. ఆ తర్వాత పుస్తకాలు క్లోజెట్‌లో పెట్టేసి, నేను డాక్టర్నని ఎవరికీ చెప్పడం మానేశాను. చెబితే తర్వాతి ప్రశ్న, "ఓ, ఎక్కడ ప్రాక్టీస్ చేస్తున్నారు?" అని వస్తుంది. 

ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. నేను, మా ఆయన సుందర్ రాజ్, ఆయన తల్లి జ్ఞానమ్మ. సుందర్ డులూత్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో పని చేస్తాడు. ఆ చలికి పదకొండేళ్ళు ఓర్చుకుని ఇక నావల్ల కాదని, అరిజోనాలో చాండ్లర్‌లో ఉద్యోగం వెతుక్కున్నాడు. ఏప్రిల్‌లో జాయినింగ్. "నీకు ఓకేనా?" అని అడిగితే, "నాకు ఎక్కడైనా ఒకటే కదండీ," అన్నాను. అదీ అబద్ధం కాదు. అక్కడా ఇల్లే, ఇక్కడా ఇల్లే. వెళ్ళేలోపు ఒక్క చలికాలమైనా గుమ్మం దాటి ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. పశువుల దాణా అమ్మే షాపులో లోయిస్ అంటించిన కాయితం చూసి ఫోన్ చేశాను.

మూడో రోజుకి మా అత్తయ్య నాతో బయల్దేరింది.

"ఇంట్లో గోడలు చూసుకుంటా కూర్చోలేను పర్సీ. కార్లో కూర్చుంటాలే. నీ పని నువ్వు చేసుకో."

ఆవిడ కార్లో కూర్చున్నది పది నిమిషాలు. షెడ్డు ముందు లోయిస్ పెద్ద ఇనప డ్రమ్ము కింద మంట పెట్టి, గడ్డకట్టిన చేపల ముక్కల్ని గొడ్డలితో నరుకుతోంది. కుక్కలకి పొద్దున పెట్టే చారు అది. నరసాపురంలో మిషన్ హాస్టల్లో ఇరవై ఆరేళ్ళు రెండొందల మందికి వంట చేసిన మనిషికి ఆ దృశ్యం చూస్తూ ఊరుకోవడం సాధ్యం కాలేదు. కారు దిగి, చీర మీద వేసుకున్న నా పాత కోటు గుండీలు పెట్టుకుంటూ వెళ్ళి, లోయిస్ చేతిలోంచి గొడ్డలి తీసేసుకుంది.

"ఇట్టా నరికితే ముల్లు అడ్డంగా విరుగుద్ది. కుక్క గొంతుకి అడ్డం పడుద్ది. చెప్పు పర్సీ ఆవిడికి."

చెప్పాను. లోయిస్ ఒక్క అడుగు వెనక్కి వేసి చూసింది. మా అత్తయ్య చేపని వెన్ను మీద నిలబెట్టి రెండు దెబ్బల్లో చీల్చి, ముల్లు లాగేసి, డ్రమ్ములో పడేసింది. నీళ్ళు చాలవని సైగ చేసింది. మంట ఎక్కువైందని రెండు కట్టెలు బయటికి లాగింది. ఆ రోజు ముప్ఫై రెండు గిన్నెలూ నాకిన నాకుడికి మెరిశాయి.

"మీ అత్తగారు రేపు కూడా వస్తారా?" అని అడిగింది లోయిస్. నన్నడిగినప్పుడు లేని మర్యాద ఆ గొంతులో వినపడింది.

నవంబరంతా అలాగే గడిచింది. లోయిస్‌కి అరవై ఆరేళ్ళు. ఒక్కతే ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. ఒక కాన్పులో పుట్టిన కుక్కపిల్లలన్నిటికీ ఒక వరస పేర్లు పెట్టడం ఆవిడ పద్ధతి. చీజ్ రకాల పేర్లున్నవి కొన్ని, నదుల పేర్లున్నవి కొన్ని. పందెం కుక్కల్లో ముఖ్యమైనవాటికి మాత్రం, ఏ కాన్పులో పుట్టినా, పనిముట్ల పేర్లే. రెంచ్‌కి తొమ్మిదేళ్ళు, పెద్దాయన. చిజెల్ ఆరేళ్ళ ఆడకుక్క, జట్టుకి లీడర్. లీడరంటే అందరికన్నా ముందుండి, వెనక స్లెడ్ మీంచి మనం "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి జట్టునంతా తిప్పేది. ప్లయర్ రెండేళ్ళ కుర్రది. దాని పేరు ఊరికే రాలేదు. ఏ తాడు కట్టినా నిమిషంలో పళ్ళతో తెంపేస్తుంది.

మంచు కురిశాక లోయిస్ నన్ను స్లెడ్‌లో కూర్చోబెట్టుకుని ట్రైనింగ్‌కి తీసుకెళ్ళేది. కట్టేదాకా చెవులు పగిలేట్టు అరిచే కుక్కలు, స్లెడ్‌ని మంచులో పట్టి ఉంచే కొక్కెం తీయగానే నోరు మూసుకుని పరిగెడతాయి. ఆ తర్వాత వినిపించేది మంచు మీద కాళ్ళ చప్పుడు మాత్రమే. మొదటిసారి ఆ నిశ్శబ్దంలోకి వెళ్ళినప్పుడు నాకు ఎందుకో ఏడుపొచ్చింది. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని లోయిస్‌కి చెప్పాను.

సుందర్ మాత్రం ఆ దరిదాపులకి రాలేదు. ఏడేళ్ళప్పుడు పాలకొల్లులో కుక్క కరిచి, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్నాడు. సాయంత్రం మేమిద్దరం ఇంటికొస్తే గరాజ్‌లోనే ఆపేసేవాడు.

"ఆ బట్టలు అక్కడే విప్పండి. అమ్మా, నువ్వు కూడా."

"ఒరేయ్, నీ చిన్నప్పుడు చేపల వాసనతో వచ్చేదాన్ని. అప్పుడు ఒళ్ళోకెక్కేవాడివి కదరా."

"అవి చేపలు. ఇవి కుక్కలు."

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున వెళ్ళేసరికి రెంచ్ గొలుసు తెగి ఉంది. రెంచ్ తన గూట్లో ఏమీ ఎరగనట్టు పడుకుంది. లోయిస్ కొత్త గొలుసు వేసింది. అందరం ఆ సంగతి మర్చిపోయాం.

జనవరి అయిదో తారీకున చిజెల్ గిన్నెలో చారు సగం వదిలేసింది. వారం నుంచీ అది తాడు వదులుగా ఉంచి పరిగెడుతోందని నేను గమనిస్తూనే ఉన్నాను. లోయిస్ అటువైపు, కుక్కల ఒంటికి తొడిగి తాడు కట్టే హార్నెస్‌లు సర్దుతోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, గ్లవ్స్ తీసేసి, చిజెల్ పొట్ట కింద రెండు చేతులూ పెట్టాను. ఎవరో చెప్పినట్టు వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. పక్కటెముకలు దాటాక, మెల్లగా నొక్కితే, ఉసిరికాయలంత ఉండలు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది కూడా ఉన్నట్టుంది.

తలెత్తేసరికి లోయిస్ నా వెనక నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావ్?"

"చిజెల్ కడుపుతో ఉంది. నెల."

"నీకెలా తెలుసు?"

చెప్పక తప్పలేదు. గన్నవరం, ఉయ్యూరు, రెండు పరీక్షలు, అన్నీ చెప్పాను. లోయిస్ చేతిలో ఉన్న హార్నెస్ కింద పెట్టింది. తర్వాత రెంచ్ గూడు వైపు చూసింది. తెగిన గొలుసు మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"రెండు నెలలుగా ఒక వెటర్నరీ డాక్టర్ చేత పెంట ఎత్తిస్తున్నానా నేను?"

"ఎవరో ఒకరు ఎత్తాలి కదా."

ఆవిడ నవ్వలేదు. లోపలికెళ్ళి మందుల పెట్టె తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇక నుంచి వీళ్ళ కాళ్ళూ కడుపులూ నువ్వే చూడు," అని, రెంచ్ దగ్గరికెళ్ళి దాని మూతి రెండు చేతులతో పట్టుకుంది. "పెద్దాయనా, నువ్వు చేసిన పనికి నువ్వే పరిగెత్తాలి."

నెలాఖరున పందెం. టామరాక్ నైంటీ అంటారు. రెండు రోజులు, రోజుకి నలభై అయిదు మైళ్ళు, ఎనిమిది కుక్కలు. లోయిస్ ఆ పందెంలో చాలాసార్లు పరిగెత్తింది. గడిచిన రెండేళ్ళు మాత్రం రెండో రోజు మధ్యలోనే ఆగిపోయింది. ఒకసారి వాన పడింది, ఒకసారి ఆవిడకి జ్వరం. చిజెల్ లేకుండా, తొమ్మిదేళ్ళ రెంచ్‌ని ముందు కట్టి వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదు. కానీ మానేస్తానని ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకో మా అత్తయ్య చెప్పింది, ఇంటికొచ్చే దారిలో.

"ఆవిడకి ఇదే ఆఖరి పందెం అంట. మోకాలు ఆపరేషనంట ఏప్రిల్లో. తర్వాత ఇక ఆ బండి మీద నిలబడకూడదంట."

"మీకెలా తెలుసు? ఆవిడకి తెలుగు రాదు, మీకు ఇంగ్లీషు రాదు."

"మోకాళ్ళ సంగతి తెలీడానికి ఇంగ్లీషెందుకే. ఆవిడది చూపించింది, నాది చూపించాను."

పందేనికి ట్రక్ నడిపే మనిషి కావాలి. ప్రతి ఏడూ వచ్చే పక్కింటాయన ఈసారి కూతురి దగ్గరికి వెళ్ళాడు. నేను నడుపుతానన్నాను. కుక్కల్ని ఎక్కించే ఇరవై గూళ్ళున్న ఆ ట్రక్కు ఫొటో చూసి, బయట గడ్డకట్టిన రోడ్డు చూసి, సుందర్ భోజనం మధ్యలో చెయ్యి ఆపేశాడు.

"ఈ ఐస్ మీద అది నువ్వు డ్రైవ్ చేస్తావా? నేను చేస్తాను. కానీ డ్రైవింగ్ వరకే. ఒక్కదాన్ని కూడా ముట్టుకోను. ముందే చెప్తున్నా."

"ముట్టుకోకులేరా," అంది అత్తయ్య, ఆయన కంచంలో ఇంకో ముక్క వేస్తూ.

శనివారం పొద్దున పది గంటలకి మొదలు. మైనస్ ఇరవై. పద్నాలుగు జట్లు, నూటపన్నెండు కుక్కలు, వాటి అరుపుకి మైకులో మాట్లాడేవాడి గొంతు ఎవరికీ వినపడలేదు. ఒక్కో కుక్కకీ నాలుగు కాళ్ళకీ గుడ్డ బూట్లు తొడగాలి. నా వేళ్ళు పని చేయడం మానేస్తే అత్తయ్య తొడిగింది. కట్టేటప్పుడు ఎనిమిది కుక్కలకి మనుషులం ముగ్గురమే. లోయిస్ ఒక పట్టీ తెచ్చి సుందర్ చేతిలో పెట్టేసి, "పట్టుకో," అని వెళ్ళిపోయింది. దాని చివర రెంచ్ ఉంది. సుందర్ చెయ్యి బారు చాచి, మొహం అటు తిప్పుకుని, పట్టుకునే నిలబడ్డాడు. వదల్లేదు.

మొదటి రోజు లోయిస్ తొమ్మిదో స్థానంలో వచ్చింది. కనుబొమ్మల నిండా మంచు, మొహం నిండా నవ్వు. ఆ సాయంత్రం మోటెల్ గదిలో అత్తయ్య ఫోన్‌లో ప్రార్థన కూడిక పెట్టింది. మినియాపొలిస్‌లో ఉన్న మా తెలుగు సంఘం వాళ్ళు ప్రతి శనివారం జూమ్‌లో కలుస్తారు. ఎవరి అవసరాలు వాళ్ళు చెప్పుకునే సమయం వచ్చింది. ఒకరు వీసా ఇంటర్వ్యూ గురించి చెప్పారు, ఒకరు బాబు జ్వరం గురించి. తర్వాత మా అత్తయ్య గొంతు సవరించుకుంది.

"అయ్యగారూ, మా లోయిసమ్మ గారి బండి రేపు గమ్యం చేరాలని ప్రార్థన చెయ్యండి. ముఖ్యంగా రెంచి కోసం. తొమ్మిదేళ్ళోడు. ముందు నడవాల్సింది ఆడే."

"రెంచి అంటే... మనవడా అమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"కుక్కండి."

 పాస్టరుగారు కళ్ళు మూసుకుని చాలా శ్రద్ధగా ప్రార్థన చేశారు. లోయిస్ పక్క మంచం మీద మోకాలికి వేడి నీళ్ళ సీసా పెట్టుకుని, తన పేరొచ్చినప్పుడు తల ఊపింది.

ఆదివారం పొద్దున మొదలుపెట్టే ముందు పందెం డాక్టర్లు ప్రతి కుక్కనీ చూస్తారు. మా దగ్గరికి వచ్చినాయన తెల్ల గడ్డంతో, నెమ్మదిగా ఉన్నాడు. రెంచ్ ఎడమ ముంగాలు మడిచి చూశాడు, నడిపించి చూశాడు.

"మణికట్టు దగ్గర కొంచెం బిగుసుకుంది. నడకలో తేడా ఏం లేదు. నేను ఆపను. మీ ఇష్టం," అన్నాడు లోయిస్‌తో.

లోయిస్ ఆ మణికట్టు వైపు చూసింది, తర్వాత దారి వైపు చూసింది. "మా డాక్టర్ని అడుగుతాను," అని పక్కకి జరిగింది.

ఎవరినంటోందో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తెల్ల గడ్డం ఆయన నాకు దారి ఇచ్చి, "డాక్టర్," అని తల వంచాడు. నేను గ్లవ్స్ తీశాను. పట్టీ పట్టుకున్నది సుందరే. ఆయన్ని దాటుకుని వెళ్ళి మంచులో కూర్చున్నాను.

ముందు కుడి కాలు, తర్వాత ఎడమ. ఎడమది వెచ్చగా ఉంది. చాలా కొద్దిగా. రెండోసారి రెండూ ఒకేసారి పట్టుకుని చూశాను. తేడా ఉంది. మణికట్టు చివరంటా మడిచాను. రెంచ్ కాలు లాక్కోలేదు, మూలగలేదు. నాలికతో మూతి తడుపుకుని, మొహం పక్కకి తిప్పుకుంది. మంచి కుక్కలు నొప్పిని అలా దాచుకుంటాయి. ఇది ముందుంటే లోయిస్ పందెం పూర్తి చేస్తుంది. అది నాకు తెలుసు. రెంచ్ పరిగెడుతుంది, ఆఖరి మైలుదాకా పరిగెడుతుంది. ఆ తర్వాత దాని కాలు ఎలా ఉంటుందో కూడా తెలుసు.

"ఆపేద్దాం," అన్నాను.

లోయిస్ ఇంకోసారి అడగలేదు. "ఎన్ని వారాలు రెస్ట్ ఇవ్వాలి?"

"మూడు. రోజుకి రెండుసార్లు కాపడం, కట్టు."

ఆవిడ వంగి, రెంచ్ హార్నెస్ తనే విప్పింది. దాని నుదుటికి తన నుదురు ఆనించింది. లేచాక, "మరి ముందు ఎవర్ని కట్టమంటావ్?" అంది.

"ప్లయర్."

"వాడికి రెండేళ్ళు. ఎప్పుడూ ముందు నడవలేదు."

"మీరు 'జీ' అన్నప్పుడు రెంచ్ కన్నా ముందు వాడి చెవి తిరుగుతుంది. నేను స్లెడ్‌లో కూర్చున్న ప్రతిసారీ చూశాను."

ఏడు కుక్కలతో, ముందు ప్లయర్‌తో, లోయిస్ పదిన్నరకి బయల్దేరింది. మొదటి మలుపు దగ్గర "హా" అని అరవడం వినపడింది. ప్లయర్ ఎడమకి తిరిగింది. చెట్లు అడ్డొచ్చాయి.

ఇక ఎదురుచూడ్డమే మా పని. ఒంటిగంటన్నరకి మొదటి జట్టు వచ్చింది. రెండున్నరకి పన్నెండు జట్లు వచ్చేశాయి. లోయిస్ లేదు. నేను చలికి ఆగలేక ట్రక్ దగ్గరికి వెళ్ళాను. తలుపు తీస్తే, ముందు సీట్లో రెంచ్ పడుకుని ఉంది. తల సుందర్ తొడ మీద పెట్టుకుంది. సుందర్ రెండు చేతులూ పైకెత్తి స్టీరింగ్ మీద పెట్టుకుని, బిగుసుకుని కూర్చున్నాడు.

"గూట్లో చలికి కాలు బిగుసుకుంటుందని అమ్మ ఇక్కడ పెట్టింది," అన్నాడు మెల్లగా. "రెండు గంటలైంది. కదిలితే లేస్తుందేమోనని కదల్లేదు."

"దింపెయ్యనా?"

"వద్దు. నిద్రపోతోంది."

నేను రెండో పక్కన ఎక్కి కూర్చున్నాను.  కాసేపటికి ఒక చెయ్యి స్టీరింగ్ మీంచి దిగి రెంచ్ వీపు మీదకొచ్చింది. ఆయన దానికేసి చూడకుండా, ఎదర అద్దంలోకే చూస్తూ అడిగాడు.

"సమ్మర్ ఎగ్జామ్‌కి అప్లై చేయడానికి లాస్ట్ డేట్ ఎప్పుడు?"

"తెలీదు. చూడలేదు."

"చూడు."

  బయట అత్తయ్య పందెం ముగిసే గీత దగ్గర నిలబడి, కోటు మీద శాలువా కప్పుకుని, పైకే ప్రార్థన చేస్తోంది. పక్కనున్న అమెరికన్లు నలుగురు ఆవిడ ఆమెన్ అన్నప్పుడల్లా ఆమెన్ అంటున్నారు.

పదమూడో జట్టు మూడింటికి వచ్చింది. మూడూ నలభైకి చెట్ల మధ్య లోయిస్ ఎర్ర టోపీ కనపడింది. ముందు ప్లయర్, తోక పైకెత్తి, పందెం గెలిచినంత గర్వంగా వస్తోంది. దాని నోట్లో ఏదో ఉంది. దగ్గరికొచ్చాక చూస్తే చేప.

లోయిస్ గీత దాటి, బ్రేకు తొక్కి, స్లెడ్ హ్యాండిల్ మీద తలపెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ అంత నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ముప్ఫై మైళ్ళు ప్లయర్ ఒక్క తప్పు చేయలేదట. తర్వాత దారి ఒక సరస్సు మీదుగా వెళుతుంది. అక్కడ మంచుకి కన్నాలు పెట్టి గేలాలు వేసుకునేవాళ్ళ గుడిసెలున్నాయి. ప్లయర్ "జీ" వినలేదు, "హా" వినలేదు. జట్టుని తిన్నగా గుడిసె గుమ్మంలోకి తీసుకెళ్ళింది. అక్కడి చిక్కులు విప్పడానికి ముప్పావుగంట పట్టింది. గుడిసె ఆయన తాళ్ళు విప్పడంలో సాయం చేసి, కాఫీ ఇచ్చి, ప్లయర్‌కి ఒక చేప ఇచ్చి పంపాడట.

అదంతా నేను తెలుగులో చెబితే అత్తయ్య మొహం చిన్నబుచ్చుకుంది.

"నా వల్లే పోయింది. రోజూ చేపలు మరిగించింది నేనే కదా."

సాయంత్రం బహుమతుల సభలో చిట్టచివరికి లోయిస్‌ని పిలిచి ఒక ఎర్ర లాంతరు ఇచ్చారు. ఆఖరున వచ్చినవాళ్ళకి అది ఇవ్వడం ఈ పందేల్లో ఆచారం. దారిలో ఇంకెవరూ మిగల్లేదు, అందరూ ఇల్లు చేరారు అని చెప్పడానికి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"లాస్ట్ వచ్చినా ప్రైజేనా?" అంది అత్తయ్య.

"పూర్తి చేసింది కదమ్మా," అన్నాడు సుందర్. చప్పట్లు అందరికన్నా గట్టిగా కొట్టింది ఆయనే. ఆయన ప్యాంటు నిండా రెంచ్ వెంట్రుకలు.

ఫిబ్రవరి ఏడున, మధ్యాహ్నం భోజనాల వేళ, చిజెల్ ఈనింది. మూడు పిల్లలు ఇబ్బంది లేకుండా వచ్చాయి. నాలుగోది అడ్డం తిరిగింది. లోయిస్ నా మొహం చూసి, ఏమీ అడక్కుండా, వేడి నీళ్ళూ సబ్బూ తెచ్చి పెట్టింది. రెండు వేళ్ళతో లోపల దాన్ని తిప్పి, చిజెల్‌కి నొప్పి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం లాగాను. ఇరవై నిమిషాలు. బయటికొచ్చాక ఊపిరి లేదు. తువ్వాలుతో రుద్దాను, తల కిందికి పెట్టి నోట్లో నీరు తుడిచాను, మళ్ళీ రుద్దాను. అది చిన్న పిట్టలా ఒక కూత పెట్టింది. అయిదోది నా సాయం లేకుండానే వచ్చేసింది.

ఈసారి పేర్లు జ్ఞానమ్మ గారే పెట్టాలని లోయిస్ తీర్మానించింది. ఒక వరసలో ఉండాలని మాత్రం షరతు. అత్తయ్య ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"పులస, చందువా, బొమ్మిడాయి, కట్టిపరిగె. కష్టపడి వచ్చింది చూడు, అది కొర్రమీను. నీళ్ళలోంచి తీసినా బతికే ఉంటది."

లోయిస్ షెడ్డు గోడకున్న బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. వారం రోజులు నడుస్తూ, వంగుతూ, గిన్నెలు కడుగుతూ పలికి చూసుకుంది. బొమ్మిడాయి తొందరగా వచ్చింది. కొర్రమీను దగ్గర ప్రతిసారీ నాలిక మడతపడేది. అత్తయ్య పక్కన నిలబడి హాస్టల్ పిల్లకి చెప్పినట్టు మళ్ళీ మళ్ళీ చెప్పేది.

ఆ నెలాఖరున ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక టీ తాగుతుండగా సుందర్‌తో అన్నాను.

"చాండ్లర్ నాకు వద్దండీ."

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఈ మాట నవంబర్‌లో అనుంటే వాళ్ళకి అప్పుడే నో చెప్పేవాణ్ణి కదా."

"నవంబర్‌లో నాకు తెలీదు."

"ఊఁ," అన్నాడు. కిటికీలోంచి బయట పేరుకున్న మంచు కేసి చాలాసేపు చూశాడు. "అయితే ఇంకో రెండు జతల థర్మల్స్ కొనాలి. మంచివి."

మర్నాడు చాండ్లర్ వాళ్ళకి ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం నేను పరీక్షకి అప్లై చేశాను. వేసవంతా చదివాను, ఆగస్టులో రాశాను, ఈసారి పాసయ్యాను. ఇంకా ప్రాక్టికల్ పరీక్ష ఉంది. మూడు రోజులు, ఆవులు, గుర్రాలు, ఆపరేషన్. దానికి ఇప్పుడు తయారవుతున్నాను. లోయిస్ మోకాలు బాగుంది. స్లెడ్ మీద నిలబడొద్దన్నారు కానీ ఎక్కించి పంపొద్దని ఎవరూ అనలేదని అంటుంది.

అలా మొదటిసారి ఎక్కించి పంపింది నన్నే. ఆ చలికాలమే, ఆపరేషన్‌కి ముందు, మార్చి ఆఖరి వారం. మంచు మెత్తబడింది, ఇంకో రెండు రోజుల్లో దారి కరిగిపోతుంది. నాలుగు కుక్కల్ని కట్టి, ముందు ప్లయర్‌ని పెట్టి, లోయిస్ స్లెడ్ హ్యాండిల్ నా చేతుల్లో పెట్టింది. స్లెడ్ ముందున్న బుట్టలో ఖాళీ ఎందుకని అత్తయ్య ఎక్కి కూర్చుంది. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, రెండు రగ్గులు కప్పుకుని, సుందర్ ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, నరసాపురం రేవులో గోదారి దాటే పంటు ఎక్కినంత నిబ్బరంగా కూర్చుంది.

"అమ్మా, గట్టిగా పట్టుకో," అన్నాడు సుందర్. ఆయన రెంచ్ పక్కన నిలబడి ఉన్నాడు. పట్టీ కూడా లేదు.

కొక్కెం తీశాను. అరుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చెట్లు రెండు పక్కలా వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. మొదటి దిగుడు వచ్చింది. నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. స్లెడ్ నెమ్మదించింది.

బుట్టలోంచి అత్తయ్య తల తిప్పి నాకేసి చూసింది.

"ఎందుకమ్మా ఆపుతావు? బానే ఎళ్తన్నాయి కదా. పోనీ."

కాలు తీసేశాను.